పీఎల్‌సీ మెమరీ నిండిందంటే, నిండింది ఏ మెమరీ?

విశాఖ చుట్టుపక్కల ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటును ఊహించుకుందాం. దాని కంట్రోల్ ప్యానెల్ గాజువాక ఆటోనగర్‌లో తయారైంది. మొదట్లో అది చూసుకోవాల్సింది రెండు అమోనియా కంప్రెసర్లు, ఒక కోల్డ్ రూమ్ మాత్రమే. తర్వాత ఏడాదికో గది, ఒకటి రెండు సీజన్లకో కంప్రెసర్ చేరుతూ వచ్చాయి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగారని ఉష్ణోగ్రతల చరిత్ర పెట్టారు. మేనేజర్‌గారు అడిగారని అలారాల జాబితా పెట్టారు. అమోనియా లీకేజీ సెన్సర్లు కూడా దానికే తగిలించారు. ఇన్నేళ్లూ కిక్కురుమనని పీఎల్‌సీ (ప్యానెల్‌లో కూర్చుని ఈ యంత్రాలన్నిటినీ నడిపించే చిన్న కంప్యూటర్), ఒకరోజు చిన్న మార్పు చేసి, ప్రోగ్రామ్‌ను దానిలోకి పంపడానికి డౌన్‌లోడ్ నొక్కగానే మెమరీ చాలదని మొరాయించింది. కొత్తగా రాసింది ల్యాడర్‌లో (నిచ్చెన బొమ్మలా గీసే ప్రోగ్రామ్‌లో) నాలుగు మెట్లే.

ఇక్కడ చాలామంది వేసే మొదటి అడుగు మెమరీ కార్డు కొనడం. అది పనిచేయకపోవడానికి కారణం తెలిస్తే సగం విషయం అర్థమైనట్టే.

సీమెన్స్ ఎస్‌7-1200 కుటుంబంలో చిన్న ప్లాంట్లకు బాగా అలవాటైన సీపీయూ 1214సీని తీసుకుందాం. 4.2 ఫర్మ్‌వేర్ (సీపీయూలో కంపెనీయే పెట్టే సాఫ్ట్‌వేర్) నాటికి అందులో లోడ్ మెమరీ 4 ఎంబీ, వర్క్ మెమరీ 100 కేబీ, కరెంటు పోయినా నిలిచే రిటెంటివ్ మెమరీ 10 కేబీ. లోడ్ మెమరీ ఇంట్లో అటక లాంటిది. ప్రోగ్రామ్ మొత్తం, ట్యాగ్ పేర్లు, కామెంట్లు, డేటా బ్లాకుల (విలువలు దాచే పట్టికల) తొలి విలువలు అన్నీ అక్కడే ఉంటాయి. వర్క్ మెమరీ వంటగట్టు. ప్రతి స్కాన్‌లో (ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరిదాకా తిరిగే ఒక్కో చుట్టులో) నడిచే కోడ్, మారుతూ ఉండే డేటా అక్కడ ఉండాలి. 24 ఎంబీ కార్డు కొని తగిలిస్తే అటక పెరుగుతుంది, వంటగట్టు అంగుళం కూడా పెరగదు. డౌన్‌లోడ్ ఆగిపోయేది ఎక్కువసార్లు గట్టు దగ్గరే. డబ్బు పెట్టి కార్డు తెప్పించి, తగిలించి, మళ్లీ అదే మెసేజ్ చూసినవాళ్లకు ఈ పోలిక అక్కర్లేదు.

కాబట్టి మెమరీ ఎంత అనే ప్రశ్నకంటే ముందు అడగాల్సింది ఏ మెమరీ అని. సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో ప్రోగ్రామ్ ఇన్ఫో తెరిచి రిసోర్సెస్ ట్యాబ్ చూస్తే లోడ్, వర్క్, రిటెంటివ్ మెమరీలు ఎంతెంత నిండాయో, ఏ బ్లాకు ఎంత మింగిందో వరుసగా కనిపిస్తుంది. అలెన్ బ్రాడ్లీ కంపెనీ లాజిక్స్ 5570 తరం కంట్రోలర్లలో కంట్రోలర్ ప్రాపర్టీస్‌లో మెమరీ ట్యాబ్ ఉంటుంది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు పెట్టకుండా ల్యాడర్ మెట్లు తీసేయడం మొదలుపెడితే, 200 బైట్ల కోసం రెండు రోజులు కష్టపడి, పక్కనే ఉన్న 40 కేబీల అలారం పట్టికను ముట్టుకోకుండా వదిలేయడం జరుగుతుంది.

జేబులోని ఫోన్‌లో గిగాబైట్లు ఉన్న కాలంలో 100 కేబీ ఏమిటని కొత్తగా ట్రైనింగ్‌కు వచ్చిన కుర్రాళ్లు నవ్వుతారు. కొంత కారణం సాంకేతికం. కోడ్ ప్రతిసారీ ఇంత సమయంలో పూర్తవ్వాలి, వేడిలోనూ వైబ్రేషన్‌లోనూ ఏళ్ల తరబడి నడవాలి, కరెంటు పోయిన ఆ చివరి క్షణాల్లో కొంత డేటాను భద్రం చేసుకోవాలి. మిగతా కారణం వ్యాపారం. ఒకే కుటుంబంలో చిన్న సీపీయూకు, పెద్ద సీపీయూకు మధ్య ధర తేడా చూపించడానికి మెమరీ ఒక మెట్టు. ఉక్కు కర్మాగారం, రిఫైనరీ స్థాయి పనులకు మెగాబైట్ల మెమరీ ఉన్న కంట్రోలర్లు వాడతారు. లాజిక్స్ 5570 తరంలో ఎల్71కు 2 ఎంబీ, ఎల్75కు 32 ఎంబీ ఉంటాయి. ఇరుకంతా చిన్న ప్యానెళ్లలోనే. ఐస్ ఫ్యాక్టరీ, పంప్‌హౌస్, అపార్ట్‌మెంట్ల మురుగునీటి ప్లాంటు లాంటి చోట్ల ఏ రెండు మూడు వేలో ఆదా చేయాలని టెండర్ దశలోనే చిన్న మోడల్ రాసేస్తారు.

అసలు తినేది ఎవరు

మన ఊహా ప్లాంటు రిసోర్సెస్ జాబితా తెరిస్తే పైన కనిపించేది దాదాపు ఎప్పుడూ డేటానే, అందులోనూ అక్షరాలు. ఎస్‌7లో పొడవు చెప్పకుండా స్ట్రింగ్ (అక్షరాల వరస) అని రాస్తే 254 అక్షరాలకు చోటు కేటాయిస్తుంది, ముందు రెండు బైట్ల లెక్కతో కలిపి 256 బైట్లు. ‘కంప్రెసర్ 3 హై ప్రెషర్’ లాంటి మెసేజ్‌లను 500 అలారాల చరిత్రగా దాచుకోవాలని 500 స్ట్రింగుల అర్రే (ఒకే రకం గడుల పట్టిక) పెడితే 1,28,000 బైట్లు. సీపీయూలో ఉన్న మొత్తం వర్క్ మెమరీ 1,02,400 బైట్లు. అంటే ఒక్క అలారం పట్టికే సీపీయూ కంటే పెద్దది! పొడవు 30కి కుదిస్తే ఒక్కోటి 32 బైట్లకు దిగుతుంది, మొత్తం 16,000. అసలు పీఎల్‌సీలో అక్షరాలే లేకుండా అలారం నంబరును రెండు బైట్ల ఇంట్‌గా (పూర్ణాంకంగా), సమయాన్ని 12 బైట్ల డీటీఎల్‌గా (తేదీ, సమయం దాచే రకంగా) దాస్తే 500 ఎంట్రీలకు 7,000 బైట్లు. ఆ నంబరుకు మాటలు తొడిగే పని హెచ్‌ఎంఐది, అంటే ఆపరేటర్ చూసే స్క్రీన్‌ది. పైగా అక్కడైతే తెలుగులోనూ చూపించవచ్చు.

ఇదే అలారం పట్టికలో ఇంకో చిక్కు ఉంటుంది. కొత్త అలారం రాగానే పాతవన్నీ ఒక్కో గడి కిందకి జరపడం అలవాటు. 500 గడులను ఒకే స్కాన్‌లో జరిపితే ఆ స్కాన్ సాగుతుంది. కరెంటు వచ్చిన క్షణంలో పది అలారాలు ఒకేసారి పడితే చెప్పక్కర్లేదు. ఎస్‌7-1200లో స్కాన్ గరిష్ఠ పరిమితి మామూలుగా 150 మిల్లీసెకన్లు, అది దాటితే ఎర్రర్. జరపడం మానేసి, తర్వాత ఏ గడిలో రాయాలో చెప్పే ఒక నంబరు పెట్టుకుని, 500 దాటగానే మళ్లీ మొదటి గడికి వస్తే చాలు. గుండ్రంగా తిరిగే ఈ పట్టికలో ఒక్క గడి మాత్రమే రాస్తాం, జరిపేది ఏమీ ఉండదు.

ఉష్ణోగ్రతల సంగతి చూద్దాం. ఎనిమిది గదుల్లో ఒక్కో రీడింగ్‌ను నాలుగు బైట్ల రియల్‌గా (దశాంశ సంఖ్యగా) సెకనుకోసారి దాస్తే రోజుకు 27,64,800 బైట్లు. మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోర్ సెకనుకోసారి మారదు. గది నిండా టన్నుల కొద్దీ సరుకు గడ్డకట్టి ఉంటే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ కదలడానికే చాలాసేపు పడుతుంది. ఐదు నిమిషాలకోసారి, పదితో గుణించి మైనస్ 180 అని రెండు బైట్ల ఇంట్‌లో దాస్తే అదే రోజు రికార్డు 4,608 బైట్లకు వస్తుంది. ఇంకా మంచిది, దాన్ని వర్క్ మెమరీలో అసలు ఉంచకుండా డేటా లాగ్ ఇన్‌స్ట్రక్షన్లతో లోడ్ మెమరీలోకి ఫైలుగా రాయడం. ఇందాక పనికిరాదన్న కార్డు ఈ పనికి మాత్రం అక్కరకొస్తుంది.

కానీ అటక మీదకు మాటిమాటికీ ఎక్కకూడదు. ఫ్లాష్ మెమరీకి రాతల సంఖ్యలో ఒక ఆయుష్షు ఉంటుంది. ఉదాహరణకు లక్ష రాతలు తట్టుకునే భాగం అనుకుంటే, సెకనుకోసారి రాసే ప్రోగ్రామ్ దాన్ని 28 గంటల్లోపే ఖర్చు చేసేస్తుంది. ఐదు నిమిషాలకోసారి రాస్తే అదే లక్ష 347 రోజులు. ల్యాడర్‌లో రైట్ ఇన్‌స్ట్రక్షన్ ముందు ఎడ్జ్ కాంటాక్ట్ (సిగ్నల్ మారిన ఒక్క స్కాన్‌లోనే దారి ఇచ్చేది) పెట్టడం మరిచిపోతే ప్రతి స్కాన్‌లోనూ రాస్తుంది. అప్పుడు లెక్క గంటల్లో కూడా ఉండదు.

ఇక కోడ్. కోడ్ ఉబ్బడానికి పెద్ద కారణం కాపీ పేస్ట్. మొదటి కంప్రెసర్ లాజిక్ రాసి, రెండోదానికి కాపీ చేసి అడ్రసులు మార్చి, అలా ఆరు వరకు. ఒక్కో కాపీ 3 కేబీ అనుకుంటే 18 కేబీ. అదే లాజిక్‌ను ఒక ఫంక్షన్ బ్లాకుగా రాసి ఆరుసార్లు పిలిస్తే కోడ్ 3 కేబీ దగ్గరే ఉండి, ఒక్కో కంప్రెసర్‌కు దాని సొంత డేటా మాత్రమే పెరుగుతుంది. ఎస్‌7-1200లో ఒక్కో ఐఈసీ టైమర్ డేటాయే 16 బైట్లు. ప్రతి టైమర్‌కూ విడిగా ఒక డేటా బ్లాకు పుట్టించకుండా వాటిని ఫంక్షన్ బ్లాకు లోపలే మల్టీ ఇన్‌స్టెన్స్‌గా పెడితే ప్రాజెక్టు చెట్టులో పనికిమాలిన బ్లాకుల వరస కూడా తగ్గుతుంది. మెమరీ సంగతి పక్కన పెట్టినా, మూడో కంప్రెసర్‌లో సరిచేసిన తప్పు ఐదోదాంట్లో అలాగే మిగిలిపోవడం అనే జబ్బుకు ఇదొక్కటే మందు.

అన్ని కంపెనీల దగ్గరా ఈ మందు ఒకేలా పనిచేయదు. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ తరహా చిన్న పీఎల్‌సీల్లో మ్యాక్రోగా పెట్టిన ఫంక్షన్ బ్లాకును కంపైలర్ పిలిచిన చోటల్లా మళ్లీ పరిచేస్తుంది. రాసేవాడికి ఒకటే కనిపిస్తుంది, లోపల ఆరు ఉంటాయి. అక్కడ పాత పద్ధతిలో సబ్‌రొటీన్, ఇండెక్స్ రిజిస్టర్లు (ఒకే కోడ్ వేర్వేరు అడ్రసుల మీద నడిచేలా చేసేవి) వాడితేనే నిజమైన ఆదా. బిట్‌ల విషయంలోనూ అంతే. లాజిక్స్‌లో విడిగా ఒక బూల్ (ఒకే బిట్ విలువ) ట్యాగ్ పెడితే నాలుగు బైట్లు తింటుంది. అలాంటివి 200 ఉంటే 800 బైట్లు, అవే ఏడు డింట్‌లలో (32 బిట్ల పూర్ణాంకాల్లో) పేర్చితే 28. యూడీటీలో (మనమే కూర్చుకునే డేటా రకంలో) బూల్, డింట్, బూల్, డింట్ అని వరుస పెడితే 16 బైట్లు, రెండు బూల్‌లనూ పక్కపక్కన పెడితే 12. ఎస్‌7-1500 ఆప్టిమైజ్డ్ బ్లాకులో ఒక బూల్ ఒక పూర్తి బైట్ తీసుకుంటుంది, వేగం కోసం. ఒక కంపెనీ దగ్గర నేర్చుకున్న పొదుపు సూత్రాన్ని ఇంకో కంపెనీ మీద రుద్దే ముందు మాన్యువల్ తిరగేయాలి.

చెడ్డ పొదుపు

మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్‌2ఎన్ నాటి ఒక లెక్క చూడండి. అందులో ప్రోగ్రామ్‌కు 8,000 స్టెప్పులు (అక్కడ ప్రోగ్రామ్ మెమరీని కొలిచేది స్టెప్పుల్లోనే). పీఎల్‌సీలో కామెంట్లు కూడా ఉంచాలంటే 50 కామెంట్లకు 500 స్టెప్పులు కేటాయించాలి. 300 కామెంట్లంటే 3,000 స్టెప్పులు, మూడో వంతు కంటే ఎక్కువ. కాబట్టి కామెంట్లను లాప్‌టాప్‌లోనే ఉంచి పీఎల్‌సీలోకి ఉత్త ప్రోగ్రామ్ పంపడం అలవాటైంది. ఆ రోజుల్లో తప్పదు. కానీ ఆ లాప్‌టాప్ ఉన్న మనిషి ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాక, రాత్రి రెండింటికి బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు అప్‌లోడ్ చేస్తే కనిపించేది ఎం100, ఎం101, డీ200 లాంటి ఉత్త అడ్రసులే. ఏ రిలే ఎందుకో చెప్పేవాడు లేడు. కొత్త ఎస్‌7-1200లో కామెంట్లు ఉండేది లోడ్ మెమరీలో కాబట్టి వాటిని తీసేస్తే వర్క్ మెమరీకి ఒరిగేది సున్నా. అయినా పాత అలవాటు కొద్దీ ఇప్పటికీ కామెంట్లు తీసేసేవాళ్లు ఉన్నారు.

ఒకే వర్డ్‌ను పగలు ఒక పనికి, డీఫ్రాస్ట్ సమయంలో ఇంకో పనికి వాడటం, పదహారు వేర్వేరు సంగతులను ఒకే వర్డ్‌లో (16 బిట్ల గడిలో) కుక్కి, కావలసిన బిట్‌ను మాత్రమే వేరుచేసే మాస్క్‌లతో తీయడం కూడా ఈ కోవలోవే. రాసినవాడి తెలివి అందులో బాగానే కనిపిస్తుంది. నైట్ షిఫ్ట్ ఎలక్ట్రీషియన్‌కు మాత్రం ఆ తెలివి అడ్డం. వంద బైట్లు మిగిల్చి ఒక గంట బ్రేక్‌డౌన్ పెంచితే, ఆ గంటలో ఐస్ కరిగిన నష్టం సీపీయూ ధరను ఎప్పుడో దాటేసి ఉంటుంది.

మెమరీ పేరుతో డేటా రకం తప్పుగా ఎంచుకోవడం మరోటి. నీటి మీటరు నుంచి లీటరుకు ఒక పల్స్ వస్తోంది, మొత్తం లీటర్లు కూడాలి. లెక్కలన్నీ రియల్‌లో ఉన్నాయి కదా అని దీన్నీ రియల్‌లో పెడతారు. 32 బిట్ల రియల్‌కు కచ్చితత్వం 24 బిట్లే. విలువ 1,67,77,216 చేరాక ఒకటి కలిపితే సంఖ్య కదలదు. రోజుకు 2 లక్షల లీటర్లు వాడే ప్లాంటులో అది 84వ రోజున జరుగుతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పోతూనే ఉంటాయి, స్క్రీన్ మీద టోటల్ మాత్రం బిగుసుకుపోతుంది. మీటరు పాడైందనుకుని దాన్ని మార్చేస్తారు కూడా. అవే నాలుగు బైట్లను డింట్‌గా వాడితే 214 కోట్లు దాటేవరకు, అంటే ఇదే వాడకంలో 29 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు.

కరెంటు పోయాక గుర్తుండేవి

1969లో అమెరికాలో మోడికాన్ 084 వచ్చినప్పుడు అందులో వాడింది మాగ్నెటిక్ కోర్ మెమరీ. చిన్న చిన్న ఫెర్రైట్ రింగుల అయస్కాంతత్వంలో బిట్‌లు నిలిచేవి, కరెంటు పోయినా మరిచేవి కావు. ఆ తర్వాత చవకగా, చిన్నగా ర్యామ్ వచ్చి ఈ గుణాన్ని పోగొట్టింది. అప్పటి నుంచి బ్యాటరీలు, కెపాసిటర్లు, ఫ్లాష్‌తో దాన్ని తిరిగి కొనుక్కుంటున్నాం.

విశాఖలో ఈ విషయాన్ని పుస్తకంలో చదవక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలాచోట్ల కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఆ కాలపు ఎస్‌7-200లో ప్రోగ్రామ్ ఈఈప్రామ్‌లో (కరెంటు లేకున్నా మరవని చిప్‌లో) భద్రంగా ఉంటుంది గానీ, నడుస్తున్న డేటాను నిలిపేది సూపర్ కెపాసిటర్. మామూలుగా అందులోని సీపీయూ 221, 222 మోడళ్లకు 50 గంటలు, 224, 226లకు 100 గంటలు. వంద గంటలంటే నాలుగు రోజుల నాలుగు గంటలు. బ్యాటరీ కార్ట్రిడ్జ్ పెట్టుకుంటే దాదాపు 200 రోజులు. బ్యాటరీ లేని ప్యానెల్‌లో ఐదో రోజు కరెంటు వస్తే ప్రోగ్రామ్ నడుస్తుంది, కంప్రెసర్ల రన్నింగ్ అవర్లు, ఆపరేటర్ మార్చుకున్న సెట్‌పాయింట్లు మాత్రం పోతాయి. పాత ఎస్‌7-200లు ఇప్పటికీ చాలా ప్యానెళ్లలో ఉన్నాయి కాబట్టి ఇది గడిచిపోయిన కథ కాదు.

ఎస్‌7-1200లో బ్యాటరీ బెడద లేదు, రిటెంటివ్ డేటా తనంతట తానే నిలుస్తుంది, గంటల పరిమితి లేదు. బదులుగా, ఇదే 4.2 ఫర్మ్‌వేర్ లెక్కలో, చోటు 10 కేబీ. ఇక్కడ జరిగే తప్పు, ఎందుకైనా మంచిదని డేటా బ్లాకు మొత్తాన్నీ రిటెయిన్ చేయడం. అలారం పట్టిక 7,000 బైట్లు అందులో చేరితే మిగిలేది మూడు వేల చిల్లర. గుర్తుండాల్సినవి నిజానికి కొన్నే. రన్నింగ్ అవర్లు, టోటలైజర్లు, సెట్‌పాయింట్లు, బ్యాచ్ ఏ దశలో ఆగిందో ఆ నంబరు, ఇంతే. మోటార్ స్టార్ట్ కమాండ్ లాంటివి గుర్తుండకూడదు. కరెంటు పోయిందని కన్వేయర్‌లో చేయి పెట్టి సరుకు తీస్తున్న మనిషి ఉండగా కరెంటు వచ్చి, పాత కమాండ్ గుర్తుండి కన్వేయర్ తిరిగితే అది మెమరీ సమస్య కాదు, ప్రాణాల సమస్య. రిటెంటివ్ జాబితా చిన్నదిగా ఉంటే ఒక్కో ట్యాగ్ దగ్గర ఆగి, ఇది తిరిగొస్తే ఏమవుతుందని ఆలోచించే తీరిక ఉంటుంది. పది వేల బైట్లు టిక్ పెట్టేస్తే ఆ ఆలోచనకు చోటుండదు.

ఇవన్నీ చేశాక మన ప్లాంటు సీపీయూ ఎంతకు దిగుతుంది? అలారం మాటలు హెచ్‌ఎంఐకి, చరిత్ర లాగ్ ఫైలుకు పంపి, ఆరు కంప్రెసర్లు ఒకే ఫంక్షన్ బ్లాకులోకి వచ్చాక మామూలుగా సగానికి దగ్గర్లో ఆగుతుంది. ఆ ఖాళీని చూసి వెంటనే ఇంకేదో పెట్టాలనిపిస్తుంది. కనీసం పావు వంతు ముట్టుకోకుండా ఉంచాలి. లాజిక్స్ లాంటి కంట్రోలర్లలో ప్లాంటు నడుస్తుండగా ఆన్‌లైన్ ఎడిట్ చేస్తే, మార్పు ఖాయమయ్యేదాకా పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో ఉంటాయి. ఎస్‌7-1200లో ఆప్టిమైజ్డ్ డేటా బ్లాకుకు కొత్త ట్యాగులు చేర్చినా పాత విలువలు చెరిగిపోకుండా ఉండటానికి ఒక రిజర్వ్ ఉంటుంది, మామూలుగా 100 బైట్లు. ఖాళీ లేకపోతే ఈ రెండు సౌకర్యాలూ ఉండవు, ఏ చిన్న మార్పుకైనా ప్లాంటు ఆపాల్సిందే. సీజన్‌లో ప్లాంటు ఆపమని అడగడానికి ఎంత ధైర్యం కావాలో అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు.

అప్పటికీ చాలకపోతే పెద్ద సీపీయూ కొనడంలో నామోషీ లేదు. రెండు వారాల ఇంజినీర్ జీతం పెట్టి 3 కేబీ పిండటం కంటే అదే చవక. 1214సీ నుంచి 1215సీకి వెళ్తే, అదే 4.2 ఫర్మ్‌వేర్ లెక్కలో, వర్క్ మెమరీ 125 కేబీ అవుతుంది. పద్నాలుగు ఇన్‌పుట్లు, పది అవుట్‌పుట్లు అలాగే ఉంటాయి, రెండు అనలాగ్ అవుట్‌పుట్లు, ఇంకో నెట్‌వర్క్ పోర్టు అదనం. ప్రోగ్రామ్‌లో పెద్దగా మార్చేది ఉండదు. ఒక్కటే చూసుకోవాలి. 1214సీ వెడల్పు 110 మిల్లీమీటర్లు, 1215సీ 130. పక్కన మాడ్యూళ్లు, ఆ పక్కన టెర్మినల్ కనెక్టర్లు సందు లేకుండా బిగించి ఉంటే, ఆ 20 మిల్లీమీటర్ల కోసం అవన్నీ తగిలించిన ఇనుప పట్టీ మీద ఉన్నవన్నీ విప్పి, వైర్లు సాగదీసి, మళ్లీ వైర్ల చివరి ఫెర్రూల్ నంబర్లు సరిచూసుకుంటూ ఆదివారమంతా ప్యానెల్ ముందు కూర్చోవాల్సి వస్తుంది.